ఊఫర్ పెట్టె, బొంబాయి రవ్వ

ఆ ఆదివారం పొద్దున నేను తలకు పోసుకుని వచ్చేసరికి బియ్యం డబ్బా బోసిగా ఉంది. బియ్యమంతా హాల్లో దుప్పటి మీద కుప్ప పోసి ఉంది. మావాడు డబ్బా మూతికి అట్టముక్క అంటించి, మధ్యలో గుండ్రంగా బెజ్జం చేసి, ఒక పాత స్పీకరు బిగించి పాట పెట్టుకుని కూర్చున్నాడు. పాటకంటే డబ్బా రేకు జల్లుమనడమే ఎక్కువ వినిపిస్తా ఉంది.

"ఏందిరా ఇది?"

"బేస్ మా. స్పీకరు ఊరికే పట్టుకుంటే బేస్ రాదు. పెట్టెలో పెడితేనే వస్తుంది."

"దానికి నా బియ్యం డబ్బానే దొరికిందా?"

లోపలి గదిలోంచి మా మామ అడిగినాడు, "ఏమ్మా, ఏమంటా ఉండాడు వాడు?" అని. నేను ఎప్పటిలాగే గట్టిగా, "ఏం లేదులే మామా!" అన్నాను.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మా ఇంట్లో రోజుకి పదిసార్లు వినిపించే మాట ఇది.

మా మామకి డెబ్బై ఎనిమిదేళ్లు. కార్వేటినగరం పక్కన పల్లె, బడిపంతులుగా చేసి రిటైరైనాడు. బడి అయిపోయినాక ఆయన ప్రాణమంతా మృదంగం. కచేరీలు చేసే విద్వాంసుడేం కాదు, ధనుర్మాసం భజనలకి, హరికథలకి పక్కవాయిద్యం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన సాయంత్రం భజనకి పోయేముందు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మాయ్, బొంబాయి రవ్వ ఒక గుప్పెడు" అని అడిగేవాడు. ఉప్మాకేమో అని నేను పోపు పెట్టబోతే మా అత్త విరగబడి నవ్వింది. మృదంగం ఎడమ మూతకి, దాన్నే తొప్పి అంటారు, తడిపిన రవ్వ ముద్ద మధ్యలో అతికిస్తారు. అప్పుడే ఆ పక్క నుంచి లోతైన నాదం వస్తుంది. వాయించడం అయిపోయినాక గీకి తీసేస్తారు.

అత్త పోయింది. మామ తిరుపతికి, బైరాగిపట్టెడలో మా ఇంటికి వచ్చేశాడు. నాలుగైదేళ్లుగా చెవులు బాగా తగ్గిపోయాయి. ముసలితనంలో ముందుగా పోయేది సన్నని శబ్దాలు. స, శ, త, ప లాంటివి. అందుకే గొంతు వినిపిస్తుంది, మాట అర్థం కాదు. చెవి మిషను పెట్టించాం. కీచుమంటా ఉందని తీసి సొరుగులో పడేశాడు. ఒక మాట మూడుసార్లు అరిచి చెప్పాల్సి వస్తే మనకేమవుతుందో మీకు తెలుసు. మొదట విసుగు, తర్వాత బద్ధకం. పేపరు వచ్చిందా అని అడిగితే చెప్తాం. ఎందుకు నవ్వుకుంటా ఉండారు అని అడిగితే మాత్రం "ఏం లేదులే". ఆయన అడగడం తగ్గించేశాడు. తర్వాత హాల్లోకి రావడం తగ్గించేశాడు. టీవీలో సంగీతం వస్తే, "రేకు మీద గోరుతో గీకినట్టుంది, ఆపండి" అనేవాడు. మృదంగం గుడ్డ సంచిలో అటక మీద ఉంది.

సరే, స్పీకరు సంగతికి వస్తా. అది మా పాత హోమ్ థియేటర్‌లోని ఎనిమిదంగుళాల ఊఫరు. 2021 నవంబరు వానలు తిరుపతిలో ఎవరూ మర్చిపోలేరు కదా, మా వీధిలో మోకాటి లోతు నీళ్లు. కింద పెట్టిన ఊఫర్ పెట్టె నానిన బిస్కెట్టులా ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది. స్పీకరు ఒక్కటి పైభాగంలో ఉండి బతికింది. మావాడు అప్పుడే విప్పి దాచుకున్నాడంట. ఇప్పుడు డిప్లొమా రెండో ఏడు. లెక్కల పేపరు ఒకటి మిగిలిపోయింది. మా ఇంటాయన ఆ పేపరు గురించి ఒకసారి అంటే మావాడు రెండు రోజులు ముభావంగా ఉంటాడు. ఆ ముభావం కంటే నా బియ్యం డబ్బా పోయినా ఫరవాలేదు అనిపించి, చీటీ డబ్బుల్లోంచి రెండు వేల అయిదొందలు తీసిచ్చాను. "చేస్తే సరిగ్గా చెయ్, సగంలో వదిలితే ఊరుకోను" అన్నాను. నేను చదివింది బియ్యే తెలుగు. నాకు తెలిసిన లెక్కలు గురువులు, లఘువులే. అయినా డబ్బిచ్చిన మనిషిని కాబట్టి ప్రతిదీ అడిగి చెప్పించుకున్నాను.

స్పీకరు అట్ట ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలిని నెడుతుంది. అదే క్షణంలో వెనక గాలిని లాగుతుంది. పెట్టె లేకపోతే ముందు నెట్టిన గాలి పక్కనుంచి తిరిగి వెనక్కి పోయి, రెండూ కొట్టేసుకుంటాయి. సన్నని శబ్దాలకి అంత తీరిక ఉండదు గానీ, మంద్రంగా మెల్లగా కదిలే శబ్దాలు ఇట్లా చచ్చిపోతాయి. అందుకే పెట్టె. మొత్తం మూసేస్తే ఒక రకం. ఒక గొట్టం పెట్టి వెనక గాలిని కూడా పనికి వాడుకుంటే ఇంకో రకం. అమెరికాలో బెల్ లేబొరేటరీస్‌లో థురాస్ అనే ఆయన 1932లోనే ఈ గొట్టం పెట్టెకి పేటెంటు తీసుకున్నాడంట.

"ఇందులో కొత్తేముంది, మా చిన్నాయన కుండలో చేసినాడు" అన్నాను నేను. పలమనేరు పక్కన మా ఊళ్లో చెనక్కాయల కాలంలో కావలి గుడిసెలో మా చిన్నాయన రేడియోకి విడిగా ఒక స్పీకరు కలిపి, దాన్ని కడవ మూతి మీద బోర్లించేవాడు. ఘుమ్ ఘుమ్ అని చేనంతా వినిపించేది. కుండలకి మా పక్క కొదవేముంది!

మావాడు ఎగిరి గంతేసి, కుండకి కూడా ఒక ఇష్టమైన స్వరం ఉంటుందని చెప్పాడు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బూమ్ అంటుందే, అదే. లోపలి గాలి స్ప్రింగులాగా, మెడలోని గాలి బరువులాగా ఊగుతాయి. జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ పేరుతో ఆ లెక్క ఉంది. లోపల చోటు ఎక్కువైతే స్వరం దిగుతుంది, మెడ పొడవైతే ఇంకా దిగుతుంది, మెడ వెడల్పయితే ఎక్కుతుంది. నాకు వెంటనే అర్థమైంది. కొళాయి కింద బిందె పెట్టి, వంటింట్లో పని చేసుకుంటా, శబ్దం సన్నబడగానే "నిండొచ్చింది" అని పరిగెత్తని ఆడమనిషి మనలో ఎవరున్నారు? చోటు తగ్గేకొద్దీ స్వరం ఎక్కడం మనం రోజూ వింటున్నదే.

కుండ పెట్టొచ్చు గదా అంటే, అసలు ముందు ఈ స్పీకరు స్వభావం తెలియాలన్నాడు. ఇక్కడే నా గోధుమపిండి రంగంలోకి వచ్చింది.

ప్రతి స్పీకరు అట్టకీ తనకు తానుగా ఊగే ఒక వేగం ఉంటుంది. మావాడు ల్యాప్‌టాప్‌లోంచి ఒక్కటే స్వరం మెల్లగా పెంచుతా, మీటరు పెట్టి, ముల్లు ఎక్కడ ఎక్కువ లేస్తుందో చూశాడు. సెకనుకి 38 ఊపులు. ఇప్పుడు అట్ట మధ్యలో తెలిసిన బరువు ఒకటి అతికించి మళ్లీ కొలవాలి. ఎంత దిగిందో చూస్తే అట్ట బరువు, దాని బిగువు, ఏ సైజు పెట్టె కావాలో అన్నీ లెక్క కట్టొచ్చు. థీల్ అనే ఆస్ట్రేలియా ఆయన 1961లో, తర్వాత స్మాల్ అనే ఇంకొకాయన 1970ల్లో ఈ లెక్కలకి దారి వేశారంట. అంతకుముందు చాలావరకు చేసి చూసి సరిదిద్దుకోవడమే, మనం ఉప్పు వేసినట్టు.

"మా, చపాతీ పిండి ఇరవై గ్రాములు తూచి ఇయ్యవా? గట్టిగా కలుపు."

తూచి ఇచ్చాను. మావాడు దాన్ని ముద్ద చేసి అట్ట మధ్యలో అతికించాడు. ఊపులు 38 నుంచి 32 దగ్గరికి దిగాయి. సరిగ్గా అప్పుడే మా మామ మంచినీళ్ల కోసం వచ్చి, గ్లాసు చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. స్పీకరు వంకే చూస్తా ఉన్నాడు.

"ఏందిరా అబ్బోడా, తొప్పికి రవ్వ పెడతా ఉండావా?"

మావాడికి అర్థం కాలేదు. నాకు ఒళ్లు జల్లుమంది. నల్లటి గుండ్రం అట్ట, మధ్యలో తెల్లగా ముద్ద. అచ్చం అదే.

నోటిదాకా "ఏం లేదులే మామా" వచ్చింది. ఆపుకున్నాను. దగ్గరికి పోయి, చెవి పక్కన కాకుండా ముఖానికి ఎదురుగా నిలబడి, మెల్లగా చెప్పాను. పెదాలు కనిపిస్తే ఆయనకి సగం అర్థమవుతుందని నాకు తెలియదా? తెలుసు. అంత ఓపిక పట్టలేదు, అంతే.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "బరువు పెడితే నాదం కిందికి దిగుతుంది. నిజమే. మరీ ఎక్కువ పెడితే పలకదు, మూలుగుతుంది. తక్కువైతే అరుస్తుంది. ఎంత పెట్టాలనేది చెయ్యి చెప్తుంది" అన్నాడు. అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి ఎన్నాళ్లయిందో.

లెక్క తేలింది. పెట్టె లోపల పాతిక లీటర్ల గాలి ఉండాలి. గొట్టం పెట్టెని 38 దగ్గరే పలికించాలి. లోపలి కొలతలు 40 సెంటీమీటర్లు, 30, 23. మొత్తం ఇరవై ఏడున్నర లీటర్లు దాటుతుంది. స్పీకరు, గొట్టం తినేసే చోటు పోను పాతిక మిగులుతుంది. (మిక్సీ జారు కొలత కూడా ఇట్లాగే ఉంటుంది, పేరుకి లీటరున్నర, పోసేది లీటరే.) పొడి కొట్టిన చెక్కతో చేసే పలక చౌక అన్నాడు వడ్రంగి. మా ఇంటాయన పేపరులోంచి తల ఎత్తకుండానే, "నీళ్లకి ఉబ్బేది వద్దు, మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి" అన్నాడు. అంటే వింటా ఉన్నాడన్నమాట! పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం. పలుచగా ఉంటే పలకలే ఊగి శబ్దం చేస్తాయి, నా బియ్యం డబ్బా చేసినట్టు. కుండ గోడ వంపు తిరిగి ఉంటుంది కాబట్టి బిర్రుగా నిలుస్తుంది. చెక్కకి ఆ వంపు లేదు, కాబట్టి మందం, మధ్యలో అడ్డంగా ఒక బద్ద.

పెట్టె చేసిన రెండు రోజుల గురించి ఎక్కువ చెప్పను. అంచులకి ఫెవికాల్, మరలు. సందులకి రంపపు పొట్టు ఫెవికాల్‌తో కలిపి కూరడం. గాలి ఎక్కడ లీకవుతుందో చూసే ఉపాయం మాత్రం నాది. బేస్ కొట్టేటప్పుడు అగరుబత్తి వెలిగించి అతుకుల వెంబడి తిప్పాం. ఒక మూల పొగ వణికింది. "గ్యాస్కెట్టు లీకైన కుక్కరులో పప్పు ఉడుకుతుందా?" అన్నాను. స్పీకరు అంచుకింద కిటికీలకి అంటించే మెత్తటి పట్టీ వేశాం. తెగిన హవాయి చెప్పులు కోసి పెట్టెకి కాళ్లు పెట్టాం. మూడొందల యాభై పెట్టి రబ్బరు కాళ్లు కొనబోతే నేనే వద్దన్నాను.

తప్పు గొట్టం దగ్గర జరిగింది. లెక్క ప్రకారం మూడంగుళాల పీవీసీ పైపు 27 సెంటీమీటర్లు కావాలి. మిద్దె మీద బాత్‌రూము కట్టినప్పుడు మిగిలిన ముక్క పన్నెండే ఉంది. "ఇదే పెట్టేద్దాం, ఏమవుతుంది" అన్నాడు మావాడు. సగంలో వదలనని చెప్పి, ముప్పావులో తొందరపడ్డాడు.

సాయంత్రం సినిమా పాట పెట్టాడు. అబ్బో! వంటింట్లో గరిటెలు ఊగాయి. ఛాతీలో దడ్ దడ్. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పలకలు కొట్టేవాళ్ల పక్కన నిలబడితే కడుపులో ఎట్లా ఉంటుందో అట్లా. మావాడి ముఖం వెలిగిపోయింది. మా ఇంటాయన కూడా "బానే ఉందే" అన్నాడు. కింద వాటాలోని అక్క పైకి వచ్చి, షెల్ఫులో స్టీలు గిన్నెలు మాట్లాడుకుంటా ఉండాయి మే, కొంచెం తగ్గించండి అని చెప్పి పోయింది.

నేను ఒక్కదాన్నే ఉన్నానా సంతోషపడటానికి అని మామ గదిలోకి పోయి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆయన కుర్చీలో కూర్చుని, ముందుకు వంగి, అరచెయ్యి పెట్టె మీద ఆనించాడు. ఒక పాట అయిపోయింది. ఇంకోటి పెట్టమన్నాడు. మూడోది పెట్టమన్నాడు. చెయ్యి తీశాడు.

"ఇది అబద్ధం చెప్తా ఉంది."

"ఏంది తాతా?"

"పాట మారినా దీని మాట ఒక్కటే. పైనుండే వాళ్లు ఏం వాయించినా ఇది దుమ్ దుమ్ అనే అంటుంది. ఎడమచెయ్యి అట్లా పలికితే నా గురువు బెత్తం విసిరేవాడు."

మావాడి ముఖం చూడాలి. వాడు ఏమీ అనకుండా ల్యాప్‌టాప్ తెచ్చి, స్వరం కింది నుంచి పైకి మెల్లగా పెంచాడు. 40 దగ్గర పీలగా ఉంది. 52 దగ్గరికి రాగానే గది ఊగింది. పోనుపోను మళ్లీ తగ్గింది. కాగితం మీద లెక్క కడితే పన్నెండు సెంటీమీటర్ల గొట్టానికి వచ్చేది సరిగ్గా 52. చెవి వినిపించని మనిషి అరచేత్తో పట్టుకున్నాడు.

"గొట్టం పొడవు పెంచాలి" అన్నాడు మావాడు, నాతో కాదు, తాతతో. ఎదురుగా నిలబడి, వేళ్లతో పొడవు చూపించి.

"పెంచు. తొందరేంటికి?"

మర్నాడు పైపు కొనుక్కొచ్చాడు. అప్పుడు నేనొక అనుమానం అడిగాను. లెక్కలో 32 అని రాసి ఉంది, కోసేది 27 ఏంది అని. గొట్టం రెండు కొసల దగ్గరా బయటి గాలి కూడా కొంచెం గొట్టంతో పాటు కదులుతుంది, ఆ అయిదు సెంటీమీటర్లు గాలే ఉచితంగా ఇస్తుంది అని చెప్పాడు. వర్గమూలాలు వేసుకుంటా కూర్చున్న వాడిని చూసి, ఈ లెక్కల పేపరే కదా పోయింది అనుకున్నాను గానీ పైకి అనలేదు. వాళ్ల నాయన అనబోయినాడు. నేను కళ్లతోనే ఆపేశాను.

కొత్త గొట్టం పెట్టినాక మొదట నాకు నిరాశే. గరిటెలు ఊగలేదు. మోత తగ్గిపోయింది. కానీ కాసేపు వింటే తేడా తెలిసింది. ఇంతకుముందు ఒక మోత వినిపించింది. ఇప్పుడు కింద ఒక మనిషి నడుస్తా ఉన్నట్టు, మెట్టు మెట్టుగా, దిగి ఎక్కి, అడుగులు వేరువేరుగా వినిపించాయి. పెట్టె గది మూలన పెడితే మళ్లీ మోత పెరిగింది, రెండు గోడలూ కలిసి తోస్తాయి కదా. మూల నుంచి రెండడుగులు బయటికి జరిపాం. కింద అక్క మళ్లీ పైకి రాలేదు.

మావాడు తాత కోసం మృదంగం వెతికి పెట్టాడు. దండమూడి రామమోహనరావు గారి తని. మా మామ విజయవాడ రేడియోలో విన్న చెయ్యి అది. (ఆయన భార్య సుమతి గారు కూడా మృదంగ విద్వాంసురాలే, 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆడవాళ్లకి మృదంగమేంటని మా నాయన నన్ను చిన్నప్పుడు కసిరిన సంగతి ఇంకోసారి రాస్తా.) శబ్దం ఎక్కువ పెట్టలేదు. మామ రెండు అరచేతులూ పెట్టె మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. కుడి మూత మీద వేళ్ల పలుకులు ఆయనకి సగం కూడా వినిపించవు. ఎడమచేతి గుమికీ, ఆ మూత మీద మణికట్టు జార్చినప్పుడు వచ్చే ఊగుడు ఉంటుందే, అది మాత్రం చేతుల్లోకి ఎక్కుతా ఉన్నట్టుంది. బొటనవేలు తాళం వేస్తా ఉంది. గడ్డం వణుకుతా ఉంది.

నేను పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినదాన్ని అక్కడే నిలబడిపోయాను. ఎదురుగా పోయి, ఆయన కళ్లు తెరిచేదాకా ఆగి, అడిగాను.

"ఏంది మామా, ఏం వినిపిస్తా ఉంది?"

ఆయన నన్ను చూశాడు. నవ్వాడో లేదో తెలియలేదు.

"ఏం లేదులేమ్మా" అన్నాడు.

ఎన్ని వందలసార్లు నేను ఆయనతో అన్న మాట! చెంప మీద కొట్టినట్టయింది. ఆయన కావాలని అన్నాడో, అలవాటుగా అన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. వంటింట్లో పాలు పొంగిన చప్పుడు వినిపించింది. పోనీ అనుకుని కింద కూర్చున్నాను, ఆయన కుర్చీకి ఎదురుగా.

"లేదు, చెప్పండి మామా."

ఆయన మళ్లీ చేతులు పెట్టె మీద ఆనించి కాసేపు ఆగాడు.

"ఎడమ పక్క నాదం కొంచెం పైకి లేస్తా ఉంది. చాలాసేపు వాయించినాడు కదా, రవ్వ ఎండిపోతా ఉంది. ఇప్పుడు వేలు తడిచేసి అద్దుతాడు చూడు" అన్నాడు.